కంప్యూటర్ పోయిందండి

తొంభైల చివరి సంవత్సరాల్లో రాజమండ్రిలో కారున్న మనిషిని హడలగొట్టడానికి రెండు మాటలు చాలేవి. "కంప్యూటర్ పోయిందండి." అంతే. ఆ పైన ఎవరూ మారు మాట్లాడేవారు కాదు. ఏ కంప్యూటర్, ఎక్కడుంది, పోయిందని మీకెలా తెలిసింది అని అడిగిన మనిషిని నేను చూడలేదు. డాక్టరు నోట పెద్ద జబ్బు పేరు విన్నట్టు మొహం వేలాడేసుకుని వెళ్ళిపోయేవారు. నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. తరగతిలో ఏ విద్యార్థి అయినా జవాబు తెలియక పెద్ద మాట ఒకటి వాడి తప్పించుకోబోతే లేపి నిలబెట్టి అడిగేదాన్ని. ఊళ్ళో నెరిసిన మీసాల మెకానిక్కులు అదే పని చేస్తుంటే నిలబెట్టి అడిగేవాళ్ళు లేరు.

ఈ సంగతి నాకు తెలియడానికి కారణం మా తమ్ముడు. నాకంటే ఆరేళ్ళు చిన్న. మాది కోనసీమ నుంచి వచ్చి రాజమండ్రిలో స్థిరపడిన కుటుంబం. నాన్నగారు పౌరోహిత్యం చేసేవారు, బాబాయిలిద్దరూ బడిపంతుళ్ళు. తమ్ముడు ఇంటర్మీడియట్ రెండుసార్లు తప్పి, ఎవరికీ చెప్పకుండా ఒక కార్ల రిపేరు షెడ్డులో చేరాడు. పేరున్న మేస్త్రీ గారి దగ్గర ఎనిమిదేళ్ళు పని నేర్చుకుని, అదే రోడ్డు మీద, ఆయన షెడ్డుకి నాలుగు గుమ్మాల అవతల రేకుల షెడ్డు అద్దెకి తీసుకున్నాడు. మా చుట్టాలు ఆ విషయం గొంతు తగ్గించి చెప్పుకునేవారు. ఒక పెళ్ళిలో మా పెదనాన్నగారు వాడి గోళ్ళలో నలుపు చూసి, వేసిన విస్తరి దగ్గర నుంచి లేచి అవతలి పంక్తిలోకి వెళ్ళి కూర్చున్నారు. తమ్ముడు తల వంచుకుని అన్నం తిన్నాడు.

అప్పట్లో రొయ్యల చెరువుల మీద డబ్బు బాగా వచ్చి, భీమవరం వైపు చాలామంది కొత్త కార్లు కొన్నారు. వాటిలో ఒక విదేశీ కంపెనీ కారు ఉండేది. నున్నగా, చప్పుడు లేకుండా పోయేది. పెట్రోలు కలిపి పంపే కార్బ్యురేటర్ బదులు దానికి ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్ ఉండేది. నాలుగేళ్ళు తిరక్కుండానే ఆ కంపెనీ మన వైపు షోరూము ఎత్తేసింది. కార్లు మిగిలాయి, చూసే నాథుడు లేడు. ఎక్కడో దూరాన పెద్ద నగరంలో ఒక సర్వీస్ సెంటర్ మాత్రం ఉంచారు. ఇక్కడి షెడ్లలో ఆ కారు గుమ్మంలోకి వస్తుంటేనే చేతులు అడ్డం పెట్టేవాళ్ళు. "అది మా వల్ల కాదండి, ముట్టుకుంటే మా మీదకొస్తుంది."

చేతకానప్పుడు చేతకాదని చెప్పడం తప్పేం కాదు. నా కోపం దాని మీద కాదు. ముందు బానెట్ ఎత్తి, ఒక పూటంతా అటూ ఇటూ కెలికి, రెండు బోల్టులు పారేసి, "కంప్యూటర్ పోయిందండి" అని తేల్చి, ఆ తేల్చినందుకు డబ్బు పుచ్చుకునేవారే, వాళ్ళ మీద.

ఒకరోజు పొద్దున్న, భీమవరం పక్కన ఉండి అనే ఊరి దగ్గర చెరువులున్న రైతు ఒకాయన, అప్పటికే నాలుగు షెడ్లు తిరిగి నగరంలో సర్వీస్ సెంటరులో కూడా బాగుకాని అలాంటి కారుని లారీకి తాడు కట్టి లాక్కొచ్చారు. నలభై ఏళ్ళుంటాయి, తెల్ల చొక్కా, కాళ్ళకి చెరువు బురద. ముందు మేస్త్రీ గారి షెడ్డు దగ్గర ఆగారు. మేస్త్రీ గారు కూర్చున్న స్టూలు మీద నుంచి లేవకుండానే మా తమ్ముడి షెడ్డు వైపు చెయ్యి చూపించారట.

"ఆ పంతులు గారబ్బాయికి ఇవ్వండి. ఎలాగూ పోయిందేగా, వాడేం చేసినా ఇంక పోయేదేముంది?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తమ్ముడు ఆ నవ్వు విన్నాడు. విని కూడా కారుని లోపలికి తోయించుకున్నాడు.

ఆ ఆదివారం నేను క్యారియర్ పట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. వాడు నేల మీద కూర్చుని ఒళ్ళో ఒక లావు పుస్తకం పెట్టుకుని ఉన్నాడు. షోరూము మూసినప్పుడు అక్కడి కాగితాలన్నీ పాత పేపర్ల కొట్టుకి తూకానికి అమ్మేశారు. వాడు ఆ కొట్టుకి వెళ్ళి, ఆ కారు వైరింగ్ పుస్తకాన్ని వెతికి తెచ్చుకున్నాడు. అంతా ఇంగ్లీషు. పేజీ నిండా గీతలు.

"అక్కా, ఇది నీ సబ్జెక్టే కదా. ఈ గీతలేంటో చెప్పు" అన్నాడు.

చూశాను. మా పదో తరగతి పుస్తకంలో బ్యాటరీ, స్విచ్చి, బల్బు కలిపి గీసిన బొమ్మ ఉంటుంది. ఇదీ అదే, కాకపోతే రెండొందల బల్బులు. కరెంటు బ్యాటరీలో బయలుదేరి, పని చేసి, మళ్ళీ బ్యాటరీకి చేరాలి. దారిలో ఎక్కడ ఆగిందో చూడటమే పని. ఆ మాటే చెప్పాను. వాడు అన్నం క్యారియర్ మూత కూడా తియ్యకుండా సాయంత్రం దాకా నన్ను కూర్చోబెట్టాడు.

మరుసటి ఆదివారానికి నేను ఒక మల్టీమీటర్ కొని పట్టుకెళ్ళాను. ఫ్యూజు దగ్గర పెట్టి చూస్తే పన్నెండు వోల్టులున్నాయి. కంప్యూటర్ పెట్టెలోకి వెళ్ళే తీగ దగ్గర పెడితే నాలుగు. ఆ రెండింటి మధ్య ఎనిమిది వోల్టులు ఎక్కడో పోతున్నాయి. పెట్టెకి తిండే అందట్లేదు, అది ఎలా పని చేస్తుంది? నగరంలోని సర్వీస్ సెంటరు వాళ్ళు తమ మిషను తగిలించి, పెట్టె జవాబివ్వలేదు కాబట్టి చచ్చిపోయిందన్నారు. కొత్తది విదేశం నుంచి రావాలన్నారు. బండిని రెండు నెలలు ఉంచుకుని, రాలేదని చెప్పి, తిప్పి పంపారు. ఒక మీటరు పెట్టి చూసే ఓపిక అంత పెద్ద బిల్డింగులో ఒక్కరికీ లేకపోయింది.

ఆ పెట్టె ముందు సీటులో కూర్చున్నవాళ్ళ కాళ్ళ దగ్గర, ఎడమ పక్కన, తివాచీ కింద ఉంది. తమ్ముడు సీటు విప్పి తివాచీ ఎత్తాడు. గుప్పున చెరువు గట్టు వాసన వచ్చింది. తీగలన్నీ కలిసే చోట తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. రాగి పిన్నులు చిలుము పట్టి పచ్చబడ్డాయి.

బండి సంగతి చూద్దామని వచ్చిన రైతు పక్కనే నిలబడి ఉన్నారు. నేను అడిగాను. "ఈ కారులో ఏం మోసేవారండీ?"

ఆయన కొంచెం సిగ్గుపడ్డారు. "రొయ్య పిల్లలండి. కాకినాడ అవతల హేచరీ నుంచి సంచుల్లో తెచ్చేవాణ్ణండి. వ్యాను దొరకనప్పుడు ముందు సీట్లో కూడా పెట్టేవాణ్ణి. ఒకటి రెండు సంచులు కారేవి."

"ఈ మాట ఎవరికైనా చెప్పారా?"

"ఎవరూ అడగలేదండి."

ఎవరూ అడగలేదు! నాలుగు షెడ్లు, ఒక కంపెనీ సర్వీస్ సెంటరు, నాలుగు నెలలు. ఉప్పు నీళ్ళ సంచులు మోసిన కారు. ఏం మోశావయ్యా అని ఒక్కరూ అడగలేదు.

తమ్ముడు పాత టూత్ బ్రష్షుతో, స్పిరిట్‌తో ఒక్కో పిన్నూ తోమాడు. పూర్తిగా తినేసిన మూడు తీగలు కోసి, కొత్తవి కలిపి సోల్డరింగ్ చేశాడు. ఎండలో ఆరబెట్టాడు. మధ్యాహ్నం తాళం తిప్పితే ఇంజిన్ రెండుసార్లు దగ్గి అందుకుంది. తమ్ముడు నవ్వుతున్నాడు. రైతు మాత్రం నవ్వలేదు. బానెట్ మీద చెయ్యి ఆనించి అన్నారు.

"మా ఆవిడకి నెప్పులొచ్చిన రోజున బండి లేదండి. రొయ్యలెత్తే ఐసు వ్యానులో పడుకోబెట్టి భీమవరం తీసుకెళ్ళాం. అడుగున ఐసు నీళ్ళు, పైన గోనెసంచులు. తల్లీ పిల్లా బతికారు, అది వేరే సంగతి. బండి ఆగింది దీనికా? ఈ ఉప్పుకా?"

జవాబు చెప్పవలసినవాళ్ళు నాలుగు గుమ్మాల అవతల టీ తాగుతున్నారు.

ఆయన ఊరుకునే మనిషి కాదు. చెరువులున్న ప్రతివాడికీ చెప్పారు. గడ్డివాముల పక్కన, రైసుమిల్లు గొడౌన్లలో, టార్పాలిన్ల కింద మూలుగుతున్న ఆ కార్లన్నీ ఒక్కొక్కటే మా తమ్ముడి షెడ్డుకి రావడం మొదలైంది. కాకినాడ ఎరువుల ఫ్యాక్టరీ ఆఫీసర్లవి వచ్చాయి. కొవ్వూరు నుంచి ఒక డాక్టరు గారిది వచ్చింది. అన్నింటికీ ఉప్పే కారణం కాదు. ఒకదానికి ఎలకలు తీగ కొరికాయి. ఒకదానికి ఇంకో షెడ్డువాళ్ళు హారన్ బిగిస్తూ ఎర్తు తీగ తెంపేశారు. ప్రతి ఆదివారం నేను పుస్తకం చదివి తెలుగులో నోటుబుక్కులో రాసేదాన్ని, వాడు బండి మీద చూసేవాడు. రెండేళ్ళు అలా గడిచాయి. ఎవరూ ముట్టుకోని బండిని ముట్టుకున్నందుకు వాడికి బాగానే కలిసొచ్చింది. షెడ్డు పెద్దదయింది, ఇల్లు కట్టుకున్నాడు.

అప్పుడు ఆ రోడ్డు మీద మెకానిక్కులకి కడుపు మండింది. వాడు నాసిరకం తీగలు వేస్తాడని, బండి దారిలో కాలిపోతుందని ప్రచారం చేశారు. ఒకరోజు మేస్త్రీ గారే స్వయంగా వచ్చారు. నేను అక్కడే ఉన్నాను.

"ఒరే అబ్బాయ్, బాగు చేసుకో, నేనొద్దన్ను" అన్నారు. "కానీ ఉప్పు తుడిచాను, తీగ అతికాను అని బండాయనకి చెప్తావేంట్రా? కంప్యూటర్ మార్చానని చెప్పు. మేమంతా కంప్యూటర్ పోయిందని చెప్పి పంపినవే కదా. మా పరువేం కావాలి?"

"అబద్ధం చెప్పమంటారాండీ?" అన్నాను నేను.

ఆయన నా వైపు చూడను కూడా చూడలేదు. "ఆడవాళ్ళకి తెలియదమ్మా ఈ వ్యాపారం" అని లేచి వెళ్ళిపోయారు. ఆ వ్యాపారానికి కావలసిన నోటుబుక్కు ఆడదాని చేతిరాతతోనే ఉందని చెప్పబోయాను. తమ్ముడు కళ్ళతోనే వద్దన్నాడు.

మెకానిక్కులనే అని ఊరుకుంటే అన్యాయం. బండ్లవాళ్ళ సంగతీ చెప్పాలి. ఒక రైసుమిల్లు యజమాని కారు ఏడాది పాటు కదల్లేదు. తమ్ముడు మూడు రోజులు వెతికి తప్పు కనిపెట్టి, ఆయనకి ఆ తీగ చూపించాడు. ఆయన దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, "ఈ జానెడు తీగకా ఇంత అడుగుతున్నావ్? బ్రష్షుతో తోమడానికి మా ఇంట్లో పనిమనుషులు లేరనుకున్నావా?" అన్నాడు. చిల్లర విసిరినట్టు విసిరి బండెక్కి పోయాడు. సర్వీస్ సెంటరులో అంతకు పదింతలు నోరెత్తకుండా కట్టొచ్చిన మనిషి. మూడు రోజుల ఆలోచనకి ఖరీదు లేదు. అట్టపెట్టెలో పెట్టిన సామానుకైతే ఖరీదుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. తమ్ముడు మాత్రం వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. వాడి మనసులో ఏం మెదిలిందో ఆ రోజు నేను కనిపెట్టలేకపోయాను.

మా స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు ఒకరుండేవారు. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో ఆ కారే సెకండ్ హ్యాండుది కొనుక్కున్నారు. చవగ్గా వచ్చిందని మురిసిపోయారు. అది ఆగిపోయి, నగరంలో సర్వీస్ సెంటరు వాళ్ళు డబ్బు కట్టించుకుని బాగు చెయ్యకుండానే తిప్పి పంపితే, మా తమ్ముడి దగ్గరికి పంపింది నేనే. పది రోజుల తర్వాత ఏదో పెన్షన్ కాగితం పని మీద స్కూలుకి వచ్చి, స్టాఫ్ రూములో నాతో అన్నారు.

"మీ తమ్ముడు మంచి పనివాడమ్మా. కంప్యూటర్ పోయిందని కనిపెట్టి, ఎక్కణ్ణించో కొత్తది తెప్పించి వేశాడు. కాస్త ఎక్కువే అయిందనుకో."

నా చేతిలో సుద్దముక్క విరిగిపోయింది. ఆ కంప్యూటర్ కొత్తది దేశంలో ఎక్కడా దొరకట్లేదని నాకు తెలుసు. చివరి గంట కొట్టగానే తిన్నగా షెడ్డుకి నడిచాను.

"మాస్టారికి ఏం చేశావురా?"

వాడు నా మొహం చూడగానే గ్రహించాడు. పానా కింద పెట్టాడు. "తీగ అతికాను."

"ఆయనకేం చెప్పావు?"

వాడి గొంతు ఒక్కసారిగా పెరిగింది. "నిజం చెప్తే ఏమైందో చూశావు కదక్కా! తోమినందుకా ఇంత అంటారు. రెండేళ్ళు ఆదివారాలు పోగొట్టుకుని నేర్చుకున్నాం, ఒక్కడైనా దానికి డబ్బిచ్చాడా? పెట్టె మార్చానంటే కిక్కురుమనకుండా ఇస్తారు. నేను అడిగింది న్యాయమైన కూలే. అది పుచ్చుకోవడానికి ఒక మాట వాడాను."

"ఆ మాటే ఎందుకు దొరికిందిరా నీకు? మేస్త్రీ గారికీ నీకూ ఇంక తేడా ఏంటి?"

"నేను బండి బాగు చేశాను. ఆయన చెయ్యలేదు. అదీ తేడా."

వాడన్నదాంట్లో నిజముంది. అందుకే నాకు అంత కోపం వచ్చింది. వాడి మీదా, వాడి చేత ఆ మాట అనిపించిన లోకం మీదా. "ఆ నోటుబుక్కు ఇలా ఇచ్చెయ్" అని తీసుకుని ఇంటికొచ్చేశాను. మూడు వారాలు ఆ వీధి వైపు వెళ్ళలేదు.

నాలుగో ఆదివారం వాడే వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. "మాస్టారింటికి వెళ్దాం పద. నువ్వు కూడా రా" అన్నాడు. వెళ్ళాం. వాకిట్లో నిలబడే వాడు జరిగింది జరిగినట్టు చెప్పాడు. కంప్యూటర్ పేరు చెప్పి పుచ్చుకున్న డబ్బు కవరులో పెట్టి అందించాడు. "తప్పయిపోయిందండి" అన్నాడు. వాడి చెవులు ఎర్రబడి ఉన్నాయి.

మాస్టారు కవరు తీసుకున్నారు. మమ్మల్ని కూర్చోమనలేదు. "పంతులు గారి కొడుకువి, ఇదా నువ్వు నేర్చుకున్నది?" అని తలుపు వేసుకున్నారు.

అంతటితో ఆగినా బాగుండేది. ఆయన స్కూల్లో చెప్పారు, సాయంత్రం గోదావరి గట్టు మీద కూర్చునే పెన్షనర్లందరికీ చెప్పారు. పంతులు గారబ్బాయి దొంగ అని. నాన్నగారు సత్యనారాయణ వ్రతం చేయించడానికి వెళ్ళిన ఇంట్లో ఎవరో ఆయన్ని అడిగారు కూడా. మాస్టారు మళ్ళీ స్కూలుకి వచ్చినప్పుడు నేను స్టాఫ్ రూములోనే పట్టుకుని అడిగాను.

"మాస్టారూ, ఆ కారు ముందు నగరంలో సర్వీస్ సెంటరుకి తీసుకెళ్ళారు కదా. డబ్బు కట్టించుకుని బాగు చెయ్యకుండా పంపారు కదా. వాళ్ళని దొంగలని ఎవరికైనా చెప్పారా?"

"అది పెద్ద కంపెనీ అమ్మా" అన్నారు.

"బాగు చేసినవాడు, తప్పు ఒప్పుకుని డబ్బు తిరిగిచ్చినవాడు దొంగ. బాగు చెయ్యకుండా డబ్బు తీసుకున్నవాళ్ళు పెద్ద కంపెనీ. ఇదేం లెక్కండీ?"

ఆయన కండువా సర్దుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత మా ఇద్దరికీ మాటల్లేవు. నేను బాధపడలేదు.

షెడ్డులో ఆ నెల నుంచి పద్ధతి మారింది. బండి తెచ్చిన మనిషి పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి. మీటరులో ముల్లు ఎక్కడ పడిందో తన కళ్ళతో చూడాలి. తప్పు వెతకడానికి ఇంత, సరిచెయ్యడానికి ఇంత అని ముందే చెప్పేవాడు. వెతకడానికి డబ్బేంటని చాలామంది తిరిగి వెళ్ళిపోయారు. ఐదారు నెలలు షెడ్డు బోసిపోయింది. తర్వాత మళ్ళీ నిండింది. నిజాయితీ చూసి వచ్చారని నేను చెప్పను. ఊళ్ళన్నీ తిరిగి, ఇంకెక్కడా బాగుకాక వచ్చారు. ఏదైతేనేం, వచ్చారు. అప్పటికి అన్ని కంపెనీల బండ్లూ కంప్యూటర్‌వే రావడం మొదలై, మిగతా షెడ్లు ఖాళీ అవుతున్నాయి.

అప్పుడు మెకానిక్కులు ఆరుగురు నేర్పమని వచ్చారు, ఐదుగురు ఆ రోడ్డు వాళ్ళే, ఒకరు కొవ్వూరు ఆయన. వాళ్ళలో మేస్త్రీ గారు కూడా ఉన్నారు, కాకపోతే అందరికంటే వెనక కూర్చున్నారు. ఆదివారం మధ్యాహ్నం షెడ్డు గోడకి నల్లరంగు పూసి నేను పాఠం చెప్పేదాన్ని. మూడు నెలలు శ్రద్ధగా విన్నారు. ఆ తర్వాత తెలిసింది. వాళ్ళలో కొందరు నేర్చుకున్న పనితోనే తీగ అతికి, పెట్టె మార్చామని చెప్పి డబ్బు లాగుతున్నారు. ఇదివరకు తెలియక ఆడిన అబద్ధాన్ని ఇప్పుడు తెలిసి ఆడుతున్నారు. నేను నేర్పిన చదువుతో!

ఆ ఆదివారం సుద్దముక్క పట్టుకోను అన్నాను. తమ్ముడు అందరి ముందూ లేచి నిలబడ్డాడు.

"నేనూ ఒకసారి ఆ పని చేశాను. ఎవరి దగ్గర చేశానో, ఎలా తిరిగిచ్చానో మీ అందరికీ తెలుసు. బండాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని పని చేసేవాళ్ళే ఇక్కడికి రండి. మిగతావాళ్ళు రావొద్దు."

"మాకు నీతులు చెప్పేంతవాడివయ్యావా?" అని మేస్త్రీ గారు లేచారు. ఆయన వెనక మరో ముగ్గురు వెళ్ళిపోయారు. కొవ్వూరు నుంచి సైకిలు మీద వంతెన దాటి వచ్చే ఒకాయనా, మా రోడ్డు చివర డీజిలు పంపులు బాగుచేసే ఆయనా కదల్లేదు. గోడ మీద రాసింది చెరిపేసి, ఆ ఇద్దరికీ పాఠం మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.